రేకుల కప్పు

ఎస్కిల్ ఒంటిగా ఉండే ముసలివాడు. మంచు కురిసి వెలిసిందంటే చాలు, పార భుజాన వేసుకుని చెక్క పెంకుల కప్పెక్కి మంచు తోసేసేవాడు. ఎదురింటి గున్‌బోర్గ్ వంటింటి కిటికీలోంచి చూసి, కప్పు మీద మంచు లేకపోతే మనిషి బాగానే ఉన్నాడనుకుని కాఫీ పెట్టుకునేది. ఉత్తర స్వీడన్‌లోని ఆ ఊళ్లో ఒకరి బాగోగులు ఒకరికి తెలిసేది అలాగే. తలుపు తట్టి అడగడం ఎవరికీ చేతకాదు.

"ఈ వయసులో కోతిలా ఆ ఎక్కడాలేంటి? జారిపడితే నడుం విరుగుతుంది. రేకులు వేయించుకో, మంచు దానంతటదే జారిపోతుంది" అని ఆమె కిటికీ తెరిచి అరుస్తూ అతని ప్రాణం తోడేసేది.

"నేనెక్కకపోతే నీకు తిట్టడానికి ఎవడు దొరుకుతాడే?" అనేవాడు ఎస్కిల్. చివరికి ఆమె పోరు పడలేక, వేసవిలో పెంకులు ఊడబీకించి నున్నటి నల్ల రేకులు వేయించాడు.

ఆ చలికాలం మంచు దండిగా పడింది. గున్‌బోర్గ్ రోజూ చూసింది. కప్పు మీద మంచు లేదు, అద్దంలా ఉంది. నిశ్చింతగా కాఫీ తాగింది.

ఆమె చూపు కప్పు మీంచి కిందికి దిగింది ఫిబ్రవరిలో. జారిన మంచు అంతా అతని గుమ్మం ముందు కిటికీల ఎత్తున పేరుకుపోయింది. దాని మీద ఒక్క అడుగుజాడ లేదు.

జన్మలో మొదటిసారి అతని తలుపు తట్టడానికి, గున్‌బోర్గ్ పార పట్టుకుని బయల్దేరింది.