నాన్న విప్పేసిన తుండుగుడ్డ

నిన్న సాయంత్రం ద్వారకా నగర్ కోచింగ్ సెంటరు నుంచి వచ్చిన మనవరాలు కణభక్షణ పాఠం పైకి చదువుకుంటుంటే, సీతమ్మధారలోని మా కిటికీ అంచు మీద రేవు వైపు నుంచి గాలి తెచ్చి పోసిన నల్లని పొడిని తుడుస్తున్న నా చేయి ఆగిపోయింది. ఆ పాఠాన్ని నేను ముప్పై ఏళ్లు కళాశాలలో చెప్పాను. మొదటిసారి చెప్పింది మాత్రం మా నాన్నకు.

నాన్న రేవులో బొగ్గు దించే కళాసీ. పనికి దిగే ముందు తడి తుండుగుడ్డ ముక్కుకు కట్టుకోవడం, పని దిగాక గొంతులో దుమ్ము దిగిపోతుందని బెల్లం ముక్క నమలడం ఆ రోజుల్లో వాళ్లందరి అలవాటని మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషిని కనుక, నేర్చుకున్నదల్లా ఇంట్లో చెప్పాలనే ఉత్సాహంతో, ఊపిరితిత్తుల్లో భక్షక కణాలుంటాయని, అవి తమ పొరను చేతుల్లా చాచి దుమ్ము రేణువును చుట్టి, మూటగట్టి లోపలికి తీసుకుని అరిగించుకుంటాయని, ఒకనాడు బొమ్మ గీసి మరీ చెప్పాను. తడిగుడ్డతో ఊపిరాడదని ఎప్పటి నుంచో విసిగి ఉన్న నాన్న మర్నాడే దాన్ని దండెం మీద వదిలి వెళ్లారు.

"ఏటి బావా, కొత్త పెళ్లికొడుకులాగ మొకం సూపిత్తన్నావ్" అని తోటివాడు ఎగతాళి చేస్తే, "మా గుంట బియ్యెస్సీ సదవతంది. లోపల తినీసే కణాలున్నాయట, మనకి గుడ్డెందుకు" అన్నారట.

మరుసటి ఏడు లెక్చరరు గారు మిగిలిన సగం చెప్పారు. సూక్ష్మజీవినైతే కణం అరిగించుకుంటుంది. బొగ్గుపొడి, రాతిపొడి అరగవు. మింగిన కణం ఆ మూటతోనే చచ్చిపోతుంది, బయటపడిన రేణువును ఇంకొకటి మింగుతుంది, మెత్తని ఊపిరితిత్తి అక్కడక్కడా గట్టిపడుతుంది. ఎలా చెప్పాలా అని బస్సులో వాక్యాలు కూర్చుకుంటూ ఇంటికి వచ్చేసరికి, నాన్న వాకిట్లో ఇద్దరు కళాసీలను కూర్చోబెట్టుకుని, నేను గీసిన బొమ్మనే నేల మీద బొగ్గుతో గీసి వివరిస్తున్నారు. వాళ్ల మెడల్లోనూ తుండుగుడ్డలు లేవు. వాళ్ల ముందు ఆయన పరువు పోతుందని ఆగాననుకున్నాను. నా పరువు కోసమే ఆగానేమో. వాళ్లు వెళ్లాక, గుడ్డ కట్టుకో నాన్నా అని మాత్రం అనగలిగాను.

"నువ్వే కదేటే సెప్పావు" అని నవ్వేశారు.

కొన్నేళ్లకు దగ్గు పట్టుకుంది. నల్లని కళ్లె పడినప్పుడల్లా అమ్మ భయపడితే, "సూడు, తింతన్నాయి" అని నా వైపు చూసేవారు. నేను తల ఊపేదాన్ని. ఆయన పోయేదాకా ఊపుతూనే ఉన్నాను.

ఇప్పుడు బొగ్గును యంత్రాలు దించుతున్నాయి. బెల్లం ముక్క ఎవరూ నమలడం లేదు. తరగతిలో ఏటేటా అరగని రేణువు సంగతే ముందు చెప్పి, చెప్పి అలసిపోయాను. వినవలసిన ఆ వాకిట్లోని ముగ్గురూ ఆ బల్లల మీద ఎన్నడూ లేరు.

మనవరాలు పుస్తకం మూయబోతుంటే, ఇంకా సగం ఉంది, కూర్చో అన్నాను. నా నోటి వంకే చూస్తూ కూర్చుంది. నేను చెప్పడం మొదలుపెడితే నాన్న కూడా అలాగే కూర్చునేవారు.