లేని రౌండబౌట్ల దారి

ప్రతి ఉదయం ఘర్రాఫా నుంచి వెస్ట్ బేలోని ఆఫీసుకు వెళ్తూ ఒక సిగ్నల్ దగ్గర ఆగగానే గ్లోరియా పెదవులు తమంతట తామే కదులుతాయి: "టీవీ రౌండబౌట్." అక్కడ రౌండబౌట్, అంటే గుండ్రటి కూడలి, తీసేసి సిగ్నల్ పెట్టి ఏళ్ళయింది. ఖతార్ రాజధాని దోహాలో అలా పోయిన రౌండబౌట్లు చాలా ఉన్నాయి. పాతకాపులు మాత్రం ఆ పేర్లు వదల్లేదు. మూడేళ్ళ పిల్లగా అమలాపురం నుంచి వచ్చిన గ్లోరియాకు సొంతూరంటే ఇదే.

ఆ ఊరు చూడ్డానికి జపాన్‌లోని కోబే నుంచి తకుమి వచ్చాడు. ఇద్దరిదీ ఒకే షిప్పింగ్ కంపెనీ. రెండేళ్ళ ఫోను స్నేహం పెళ్ళిమాట దాకా వచ్చింది. తల్లి సామ్రాజ్యం సరేనంది. తండ్రి విజయరత్నం మాత్రం, శుక్రవారం ఇక్కడ సెలవు కదా, చర్చి అయ్యాక ఒంటిగంటకు భోజనానికి రమ్మను, మనిషిని చూశాకే చెబుతానన్నాడు. వేళకు రానివాడు మాట మీద నిలబడడని ఆయన నమ్మకం. ఆయన కాదంటే ముందుకు వెళ్ళే ధైర్యం గ్లోరియాకు లేదు.

గురువారం ఆమె తకుమికి వెస్ట్ బే మేడలు చూపించింది. మర్యాదగా తలూపాడు, అంతే. తను పెరిగిన ఇల్లు చూపిద్దామంటే కూల్చేశారు. బడి వేరే చోటికి వెళ్ళిపోయింది. చూపించడానికి ఊరే మిగల్లేదనిపించి చిన్నబోయింది. తిరిగి వస్తుంటే ఎర్రలైటు పడింది. అలవాటుగా పేరు పలికేసింది. ఏదని అతను అటూ ఇటూ చూశాడు. ఇక్కడే ఉండేదనీ, చలికాలం సాయంత్రాలు నాన్న షవర్మాలు తెస్తే మధ్యలో ఉన్న గడ్డి మీద కూర్చుని తినేవాళ్ళమనీ చెప్పింది.

తకుమి నోట్‌బుక్కు తీసి ఒక సున్నా గీశాడు. "మా అమ్మ కూడా అంతే. భూకంపంలో పోయిన కొట్ల పేర్లతోనే దారి చెబుతుంది. ఇంకా ఏమేం లేవో చూపించు."

ఆ సాయంత్రమంతా లేనివాటినే చూస్తూ తిరిగారు. ఒక్కోచోటా అతను ఒక సున్నా గీసి, దాని పేరూ పక్కన ఉండే కొట్లూ రాసుకున్నాడు.

శుక్రవారం పన్నెండున్నరకు తకుమిని హోటల్ నుంచి తీసుకొద్దామని గ్లోరియా కారు తాళాలు తీసుకుంటుంటే తండ్రి ఆపాడు.

"నువ్వెళ్ళక్కర్లేదమ్మా. అద్దె కారులో తనే వస్తానన్నాడు, పొద్దున్నే ఫోన్‌లో దారి చెప్పేశాను. టీవీ రౌండబౌట్లో నేరుగా, ఇమ్మిగ్రేషన్ రౌండబౌట్ దాటాక కుడికి. చంటిపిల్లాడైనా వచ్చేస్తాడు."

సామ్రాజ్యం గరిట ఆపింది. "అవెక్కడున్నాయండీ ఇప్పుడు? కిందటేడు పాస్టరుగారికీ ఇలాగే చెప్పారు. పులుసు చల్లారాక వచ్చారాయన."

విజయరత్నం నాలుక కరుచుకున్నాడు. అయినా ఒంటిగంటన్నది ఒంటిగంటే అన్నాడు. తనే తీసుకొద్దామనుకుని గ్లోరియా లొకేషన్ పంపలేదు. ఫోన్ చేస్తే తకుమి ఎత్తలేదు. బండి నడుపుతూ అతను ఫోను ముట్టడు. ఆమె కిటికీ దగ్గర నిలబడిపోయింది.

ఐదు నిమిషాలు తక్కువ ఒంటిగంటకు బెల్లు మోగింది. గుమ్మంలో తకుమి ఉన్నాడు, ఒక చేతిలో ఖర్జూరాల పెట్టె, ఇంకో చేతిలో నోట్‌బుక్కు. దారెలా దొరికిందని విజయరత్నం అడిగితే సున్నాలు గీసిన పేజీ చూపించాడు.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత జేబులోంచి పెన్ను తీశాడు.

"షవర్మా కొట్టు ఇటు కాదమ్మా, అటు. అప్పటికి నువ్వింత, నీకేం గుర్తుంటుంది? రేపు ఇతన్ని నేను తిప్పుతాను."

"ముందు అల్లుణ్ణి అన్నం తిననివ్వండి," అంది సామ్రాజ్యం.

విజయరత్నం అల్లుడికి కుర్చీ తనే లాగి వేశాడు.

పెళ్ళయ్యాక తకుమి దోహా ఆఫీసుకు బదిలీ చేయించుకున్నాడు. ఇద్దరూ ఇప్పుడు ఘర్రాఫాలోనే, విజయరత్నం ఇంటికి రెండు వీధుల అవతల ఉంటున్నారు.