దీవెన కోసం ఆగిన పడవ

కరీబియన్ సముద్రంలోని కారియాకూ ద్వీపంలో, విండ్‌వర్డ్ రేవులో యూలీటా ఎవరికీ సొంత పిన్ని కాదు, అందరికీ పిన్నే. కథోలికుల ఇంట పుట్టి, ఆంగ్లికన్ గుడికి వెళ్ళే పడవల మేస్త్రీ కాస్మస్‌ను కట్టుకుంది. పెళ్ళినాడు ఆమె తల్లి ఆ గుడి గడప తొక్కలేదు. గోడవతల, ఎండలో, నల్లగొడుగు వేసుకుని నిలబడిపోయింది. లోపల ప్రమాణాలు చెబుతున్నంతసేపూ యూలీటా కళ్ళు కిటికీలోంచి ఆ గొడుగు మీదే ఉన్నాయి.

కాస్మస్ పోయాక పెరట్లో అతను ఆరబెట్టుకున్న దేవదారు కలప మిగిలింది. ఎందరడిగినా ఆమె అమ్మలేదు. ఊళ్ళోని కథోలిక, ఆంగ్లికన్, పెంతెకొస్తు సంఘాల కుర్రకారును పిలిచింది.

"ఆదివారం ఎటూ విడివిడిగా కూర్చుంటారు. సాయంత్రాలు కలిసి ఒక్క పడవ కట్టండర్రా. మూడు గుళ్ళ సరుకూ అందులోనే రావాలి."

"ఫాదరుగారి కొవ్వొత్తులూ, మా పాస్టరుగారి గిటారు తీగలూ ఒకే పెట్టెలోనా? సముద్రం నవ్వుతుంది పిన్నీ!" అంది పెంతెకొస్తు సంఘంలో పాటలు పాడే షెర్నెల్.

"నవ్వనీ. నవ్వే సముద్రం ముంచదు," అన్నాడు కాస్మస్ దగ్గర పని నేర్చిన గిఫ్టన్.

పడవ లేచింది. ఎవరి పాట ముందు పాడాలని పోట్లాడుకుంటూనే పలకలు బిగించారు. యూలీటా వండిన మొక్కజొన్న ముద్దా, వేపిన చేపా ఒకే పళ్ళెంలోంచి లాక్కుని తిన్నారు. చివర గిఫ్టన్ పడవ ముక్కు మీద పేరు రాసి గుడ్డ కప్పాడు. పడవ నీళ్ళలోకి దిగే రోజున దాని పేరుతల్లి ఆ గుడ్డ తీయాలి. పేరుతల్లి యూలీటాయే.

దీవించని పడవను ఆ రేవులో ఎవరూ దించరు. పాదిరి నీళ్ళు చల్లాలి, గతించిన పెద్దలను తలుచుకుని రమ్ము పోయాలి. ఆ తరవాతే నిలబెట్టడానికి ఆనించిన కర్రలు నరికి, పడవను దుంగల మీదికి ఒరిగించి తాడుతో లాగుతారు. రమ్ము పోస్తే తాను రానన్నాడు పెంతెకొస్తు పాస్టరు. పోయకపోతే తాడు పట్టేది లేదన్నారు ముసలివాళ్ళు. ఎవరి నీళ్ళు ముందు పడాలో కథోలిక, ఆంగ్లికన్ ఫాదర్లిద్దరికీ తేలలేదు.

"మేమే ప్రార్థన చేసి తోసేస్తాం పిన్నీ. కట్టింది మేమేగా," అంది షెర్నెల్.

"నోర్మూసుకోవే! పిల్లలు దీవించడమేమిటి? పెద్దలు ఒక మాటకొస్తారు, ఆగండి."

"వాళ్ళు ఒక మాటకొచ్చేసరికి పడవకు గడ్డం మొలుస్తుంది."

అందరూ నవ్వారు. యూలీటా నవ్వలేదు. పెద్దలు రాకుండా పడవ దిగితే పెళ్ళినాటి ఆ నల్లగొడుగు ఎప్పటికీ ముడుచుకోదని ఆమె భయం.

ఆమె గడప గడపకీ తిరిగింది. ఉపవాస దినాలన్నారు, వెళ్ళిపోయాయి. తుఫాను నెలలన్నారు, అవీ గడిచాయి. ఎండకు అతుకులు విచ్చకుండా పిల్లలు రోజూ సముద్రపు నీళ్ళు మోసి పలకలు తడిపేవారు. రానురాను వచ్చేవాళ్ళు తగ్గారు. గిఫ్టన్ ట్రినిడాడ్‌లో ఓడపనికి కుదిరాడు. మిగిలినవాళ్ళు మళ్ళీ ఎవరి గుడి మెట్ల మీద వాళ్ళు చేరారు. చివరికి బకెట్టు యూలీటా చేతిలోనే మిగిలింది.

కొన్నేళ్ళకి, పై ఊరికి కాపురానికి వెళ్ళిన షెర్నెల్ చంకలో బిడ్డతో రేవుకి వచ్చింది.

"ఇంకా తడుపుతున్నావా పిన్నీ?"

"ఈస్టరు దాటాక చూద్దామన్నాడే ఫాదరు."

"మేం ఫాదరు కోసం ఆగామనుకున్నావా? నువ్వు ఊఁ అంటే ఆ రోజే తోసేవాళ్ళం."

"అప్పుడే చెప్పలేకపోయావా?"

"చెప్పానుగా. నోర్మూసుకోమన్నావు."

షెర్నెల్ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది యూలీటాకు.

"పోనీ, ఇప్పుడు పిలుద్దామే ఆ కుర్రాళ్ళందరినీ."

"ఎవరిని పిన్నీ?"

యూలీటా చేతిలోని నీళ్ళు పలకల మీద కుమ్మరించింది. అవి అతుకుల్లోంచి బొటబొటా కారి ఇసుకలో ఇంకిపోయాయి. బకెట్టు దించి, పడవ ముక్కు దగ్గరికి నడిచి, ఎండకు వెలిసిపోయిన గుడ్డను లాగేసింది.

'ఏకమనసు'. గిఫ్టన్ రాసిన నీలి అక్షరాలు మాత్రం నిన్న రాసినట్టున్నాయి. షెర్నెల్ బిడ్డ చెయ్యి చాచి వాటిని తడిమింది.