మజామా అన్నందుకు ఆగిపోయిన ఇంజెక్షన్

ఆ చలికాలం మా ఆవిడ వేళ్లు పొద్దున్నే సమ్మెకు దిగేవి. చెంచా ఎత్తమంటే ఎత్తవు, చీపురు పట్టమంటే పట్టవు. పచ్చడి జాడీ మూత తీయడానికి నన్ను పిలిచేది. నేను దానితో కుస్తీ పడుతుంటే సూరత్ అడాజన్‌లో మా అపార్టుమెంటు అంతస్తులన్నీ ఊపిరి బిగబట్టేవి.

కీళ్లవాతం అన్నాడు డాక్టరు. పాత మాత్రలు పనిచేయడం లేదని ఇంజెక్షన్లు రాశాడు. వాటి ధర వింటే వజ్రాల వ్యాపారి కూడా కుర్చీ వెతుక్కుంటాడు.

మా ఆఫీసు ఇన్సూరెన్సు ఉందిగా అనుకున్నాను. ఉంది, దానికో నియమమూ ఉంది. చవక మాత్రలు ఓడిపోయాయని తేలితే తప్ప ఖరీదు మందు ఇవ్వరు. డాక్టరు మాట చాలదు, రోగికే ఫోన్ చేసి కనుక్కుంటారు.

ఫోనొచ్చింది. "కేమ్ ఛో, మాసీ?" అంది అవతలి అమ్మాయి, సొంత పిన్నిని పలకరించినట్టు తేనె ఒలకబోస్తూ.

సూరత్‌లో కేమ్ ఛో, అంటే ఎలా ఉన్నారు అని అడిగితే జవాబు ఒకటే: మజామా, అంటే హాయిగా ఉన్నాం అని. పాడె మీదాయన్ని అడిగినా లేచి అదే చెప్పి పడుకుంటాడు. ఈ ఊరొచ్చాక మా ఆవిడ మొదట నేర్చుకున్న మాటా అదే.

"మజామా" అంది, ఫోను రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని.

రోగి పాత మాత్రలతో హాయిగా ఉంది, ఇంజెక్షన్ అక్కర్లేదని మర్నాడే కబురు.

"నొప్పని చెప్పొద్దూ?" అన్నాను.

"పలకరించిన పిల్లతో మొదటి మాటే ఏడుపా, ఏమండీ? తర్వాత చెబుదామనుకునేలోగా పెట్టేసింది."

మళ్లీ అర్జీ పెట్టి, ఈసారి ఆవిడకు పెళ్లికూతురికిచ్చినంత తర్ఫీదిచ్చాను. ఫోనొచ్చింది. "మజామా. మీ అమ్మ బాగుందా?" అంది మా ఆవిడ.

నా గోడు విని మా యూనియన్ సెక్రటరీ, అచ్చమైన సూరతీ, పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇన్సూరెన్సు అధికారులు మా ఆఫీసుకు మీటింగుకొచ్చిన రోజున లేచి, హాలు వైపు తిరిగి, "కేమ్ ఛో?" అన్నాడు.

"మజామా." పైకప్పు ఓ జానెడు లేచి కూర్చుంది. మెడకు పట్టీ కట్టుకున్న క్యాషియరూ అన్నాడు, చేతికర్రల మీద నిలబడ్డ డ్రైవరూ అన్నాడు, మొన్నే గుండె ఆపరేషనైన మేనేజరు అందరికంటే గట్టిగా అన్నాడు. అలవాటు కొద్దీ అధికారులూ అనేశారు.

"చూశారుగా, మీ లెక్కన ఇక్కడ రోగే లేడు" అన్నాడు సెక్రటరీ. "ఆ ఫోన్లు మానేసి డాక్టర్లు రాసింది నమ్మండి, సాహెబ్."

పెద్ద అధికారి నవ్వి నవ్వి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఆపైన తన మోకాలు నిమురుకుంటూ కాసేపు ఆలోచించాడు. ఎండాకాలం రాకముందే నియమం మారింది: పాత మందు పనిచేయలేదని డాక్టరు రాస్తే చాలు.

ఇంజెక్షన్లు మొదలైన కొన్నాళ్లకు ఓ ఉదయం మా బాల్కనీ నుంచి కుండపోత. మా ఆవిడ తడి దుప్పటిని పాము మెడ పిసికినట్టు పిండుతోంది. నీళ్లన్నీ కింది ఫ్లాటు ఆవిడ ఆరబెట్టుకున్న అప్పడాల మీద.

"ఎవరది?" అని కింద నుంచి కేక.

"మా ఆవిడే" అన్నాను, రెయిలింగు మీంచి సగం వంగి. "రెండు చేతులతోనూ."