మేస్త్రీగారి అగరొత్తి

మా ఎదురింటి వెల్డింగు మేస్త్రీగారు మంగళవారం తెల్లారేసరికి నిద్రలోనే వెళ్లిపోయారు. ఆయన భార్య సందు దాటి వచ్చి నాతో అన్న మొదటి మాట, "ఊపిరితిత్తులు కాదక్కా, గుండె." అంత దుఃఖంలోనూ ఆ గొంతులో చిన్న గెలుపు వినిపించింది. బతుకంతా పొగ పక్కన పని చేసిన మనిషి ఛాతీకి మచ్చ లేకుండా వెళ్లాడని ఆమె నాకు అప్పజెబుతోంది. నాకే ఎందుకంటే, ఆ ఛాతీకి మచ్చ పెట్టబోయినదాన్ని ఒకప్పుడు నేనే.

ఇప్పుడు మధ్యాహ్నం కునుకు పడితే కలలోకి ఆయన వెల్డింగు కొట్టే వస్తోంది. గ్రైండరు చప్పుడు ఎక్కడో దూరంగా తుమ్మెదలా తిరుగుతుంది. మా గది గోడ మీద నీలం వెలుగు, నీళ్లలో వెన్నెల కదిలినట్టు, వచ్చి పోతుంటుంది. కళ్లు తెరిస్తే గోడ గోడలాగే ఉంటుంది. సున్నం వేయించాలని కూడా గుర్తొస్తుంది.

రాయ్‌పూర్‌లో ఈ గుఢియారీ పేటకి మా ఇద్దరి కుటుంబాలూ రైల్వే ఉద్యోగాల వెంట శ్రీకాకుళం వైపు నుంచే వచ్చాయి. నేను బడిలో కెమిస్ట్రీ చెప్పి, శ్రీకాకుళం యాసలో మాట్లాడటం మానేశాను. ఆయన మానలేదు. కొట్టు తెరవగానే ఆయన ఒక అగరొత్తి వెలిగించి ఇటుకల సందులో గుచ్చేవారు. దేవుడి పటం ఎక్కడా కనిపించదు. కొత్తవాళ్లు చూసి ఎంత భక్తో అనుకునేవారు. ఆయన మాత్రం ఆ పొగ ఎటు వంగుతుందో చూసి, తన పీట దానికి ఎదురు దిక్కున వేసుకునేవారు. గాలి మారితే పని ఆపి పీట మార్చేవారు.

"గాలికి మొగమాటం నేదు టీచరమ్మా. మనవే తప్పుకోవాల," అనేవారు.

పని చేతికి రాగానే ఆయన అడిగేది ఒకటే ప్రశ్న. "దీనికేటి రాసినారు?" రంగు ఉంటే అతుకు పెట్టేచోట జానెడు మేర గీకేవరకూ మంట ముట్టించేవారు కాదు. జింకు పూత పైపులైతే పూత తీసేసి, కొట్టు బయటికి తెచ్చుకునేవారు. జింకు కాలిన తెల్లటి పొగ పీలిస్తే సాయంత్రానికి చలీ జ్వరమూ వస్తాయి. మిగతా కొట్లవాళ్లు గ్లాసెడు పాలు తాగి అదే మందనుకుంటారు. ఈయన నవ్వేవారు. "పాలు కడుపులోకెళ్తాయి, పొగ ఊపిర్లోకెళ్తాది. ఆ రెండూ ఎక్కడ కలుస్తాయి బాబూ?" నా దగ్గర చదువుకున్న పిల్లల్లో ఇంత తిన్నగా ఆలోచించినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

గిరాకీలకు మాత్రం ఒళ్లు మండేది. "ఉస్తాద్, జల్దీ కరో," అని నిలబడి తొందరపెట్టేవారు. అలా మండినవాళ్లలో నేనూ ఉన్నాను.

అది మే నెల. మా కూలర్ స్టాండు కాలు విరిగింది. మర్నాడు మనవరాలు వస్తోంది, ఒళ్లంతా చెమటకాయలతో. ఆయన చేతికిస్తే కడగడానికీ గీకడానికే రెండు రోజులంటారని నాకు తెలుసు. అందుకని నా తెలివి ఉపయోగించాను. స్కూటర్ బ్రేకుల జిడ్డు వదలడానికి తెచ్చిన స్ప్రే డబ్బా ఇంట్లో ఉంటే, దాంతో ఆ గొట్టాల స్టాండును తళతళలాడేలా తుడిచి పట్టుకెళ్లాను.

"దీనికేటి రాసినారు?"

"ఏమీ రాయలేదు. ఇంట్లో శుభ్రంగానే ఉంచుకుంటాం," అన్నాను. అబద్ధానికి తోడు దెప్పు కూడా.

ఆయన అగరొత్తి వైపు చూశారు. పీట జరుపుకున్నారు. మాస్కు దించారు. రాడ్డు ఇనుముకి అంగుళం దూరంలో ఉండగా, ఏదో వాసన తగిలి ఆగిపోయారు. మాస్కు ఎత్తి, విరిగిన గొట్టంలోకి గుడ్డపీలిక దూర్చి లాగారు. తడిగా వచ్చింది. తియ్యటి వాసన నా దాకా వచ్చింది. ఆయన మిషను ఆపి, లేచి పదడుగులు అవతలికి వెళ్లి నిలబడ్డారు. నన్నూ అటే రమ్మని చెయ్యి ఊపారు.

తిట్టలేదు. "నాకింగ్లీషు రాదు గదమ్మా. మీకొచ్చును. ఆ డబ్బా ఒక్కపాలి తెచ్చి సదివి పెట్టండి," అన్నారు.

ఏ డబ్బా అని అడగడానికి నాకు ముఖం లేదు. తెచ్చాను. కళ్లజోడు పెట్టుకుని సన్నక్షరాలు చదివాను. క్లోరిన్ ఉన్న ద్రావకం. మంటకూ వెల్డింగుకూ దూరంగా ఉంచవలెను. ఆ ఆవిరి వెల్డింగు మంట వేడికీ వెలుగుకూ విరిగితే ఏ విషవాయువు పుడుతుందో ఏళ్ల తరబడి బ్లాక్‌బోర్డు మీద నేనే రాశాను. పిల్లలు తప్పు రాస్తే మార్కులు కోశాను. బోర్డు మీద గుర్తుపట్టేదాన్ని, నా చేతిలో ఉంటే పోల్చుకోలేకపోయాను. చదివిందంతా ఆయనకు తెలుగులో చెబుతూ డబ్బా మీంచి తల ఎత్తలేకపోయాను. మా ఇంట్లో చెబితే ఎవరూ నమ్మరు.

"గొట్టం లోపల ఎంతుందో మనకి తెల్దు. ఇది వద్దు. కొత్త యాంగిలు కడ్డీల్తో చేసీస్తాను," అన్నారు. మనవరాలు వచ్చేసరికి కొత్త స్టాండు ఇంట్లో ఉంది.

పాత స్టాండు మాత్రం ఆ కొట్టు మూలన ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. తొందరపెట్టిన ప్రతివాడికీ దాన్ని చూపించి కథ చెప్పేవారు. ఎవరిదని అడిగితే, "బాగా సదువుకున్నోరిది," అనేవారు. అంతకు మించి ఒక్క అక్షరం చెప్పేవారు కాదు.

ఇక శనివారం శనివారం ఆయన కొట్లోకి కొత్తగా వచ్చిన డబ్బాలు పట్టుకుని మా అరుగు మీదికి వచ్చేవారు. నేను చదివేదాన్ని. నేను వద్దన్న డబ్బా మీద ఎర్రరంగుతో ఒక గీత గీసి కొట్లోంచి బయట పెట్టేవారు. అబద్ధమాడిన మనిషికే చదివే పని అప్పగించారు చూడండి. మరొకరైతే నా మొహం చూసేవారు కాదు. అబద్ధమాడానని నేను నోటితో ఎన్నడూ ఒప్పుకోలేదు, ఆయనా అడగలేదు. శనివారాలు గడిచిపోయాయి.

పోయేముందు రోజు, శనివారం కాకపోయినా, సాయంత్రం ఒక డబ్బా అరుగు మీద పెట్టి, "తొందరేటి నేదు," అని వెళ్లారు. కర్మకాండల మధ్య దాన్ని చదివాను. పనికిరాదు. గీత నేనే గీశాను. డబ్బా కొట్టు బయట పెట్టి వచ్చాను.

పదో రోజున వాళ్ల వాకిట్లో కుర్చీలు వేశారు. ఆయన ఫొటో ముందు భార్య అగరొత్తి వెలిగించింది. పక్క వీధిలో గేట్లు చేసే ఆయన నలుగురికీ ఆ స్టాండు కథ చెబుతున్నాడు. ఎవరో అడిగారు, ఎవరిదని. "కిసీ పఢే-లిఖే కా థా," అన్నాడు, ఎవరో చదువుకున్నవాళ్లదేనట అని.

"మేరా థా," అన్నాను. "నాదే. ఏం రాశారని ఆయన అడిగితే ఏమీ రాయలేదని చెప్పాను."

మేస్త్రీగారి భార్య నా వైపు చూసి, తెలుసన్నట్టు తలాడించింది. అప్పుడే గాలి మళ్లింది. పొగ సన్నగా వంగి మా వైపు వచ్చింది. గేట్లాయన కుర్చీ జరుపుకున్నాడు. పక్కాయన జరిగాడు. నేనూ జరిగాను. కాసేపటికి అందరం వాకిలికి ఒకే పక్కన ఉన్నాం. రెండో పక్క ఖాళీ అయింది. ఆ ఖాళీ కుర్చీల మీదుగా పొగ నెమ్మదిగా, ఎవరికీ తగలకుండా, సందులోకి వెళ్లిపోయింది.