తెల్లబడ్డ స్పాంజి

మా హాల్లో ఉన్న అక్వేరియం వైపు చూడకుండా నడవడం నాకు కొన్నేళ్లుగా అలవాటైపోయింది. దానివైపు చూస్తుంటే నన్నెవరో గమనిస్తున్నట్టు ఉంటుంది. ఈ బరువు ఎవరితోనూ పంచుకోలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నాను.

చందానగర్‌లో కిరాయి ఇంట్లో ఉన్నప్పుడు మాకు చిన్న అక్వేరియం ఉండేది. అందులోని గోల్డ్ ఫిష్‌లు మావారూ, ఆయన చెల్లెలు ప్రవీణా కలిసి పెంచినవి. వాళ్లమ్మ పోయిన కొత్తలో, ఇంట్లో ఏదో ఒకటి కదులుతూ ఉండాలని కొనుక్కున్నారట. నేను పెళ్లై వచ్చేసరికే అవి అరచేతంత ఉన్నాయి. ప్రవీణ మాతోనే ఉండేది. ఖాజాగూడ దగ్గర ఆఫీసు. రాగానే బ్యాగు కూడా దించకుండా వాటికి మేత వేసేది.

కోకాపేటలో ఫ్లాటు కొన్నాక మావారు పెద్ద అక్వేరియం తెచ్చారు. పాత ఫిల్టర్‌లోని స్పాంజిని మాత్రం కడగొద్దన్నారు. దానికి పట్టిన జిగురులో కంటికి కనిపించని జీవులుంటాయని, చేపల మలంలోని విషాన్ని విరిచేది అవేనని, అవి లేకపోతే కొత్త నీళ్లలో చేపలు బతకవని చెప్పారు. విన్నాను. వినలేదని ఇప్పుడు అబద్ధమాడను.

మరి ఎందుకు కడిగాను? ఆ సాయంత్రం గృహప్రతిష్ఠ ప్రార్థన. పాస్టరుగారితో పాటు సంఘంలోని పెద్దమ్మలంతా వస్తారు. వంటగట్టు మీద వేలితో రాసి చూసే మనుషులు. ఆ స్పాంజి బకెట్లో పాత నీళ్లలో నానుతూ, నల్లగా, నీచు కంపు కొడుతోంది. కొత్తింట్లో మొదటిరోజే నాకు పేరు పోతుందనిపించింది. గిన్నెల సబ్బు వేసి, కుళాయి కింద తెల్లబడేదాకా పిసికాను. నేనే ఫిల్టర్‌లో పెట్టి మూత బిగించాను. అదే సమయానికి ప్రవీణ బట్టలారేయడానికి అటు వచ్చింది. ఏం చూసిందో తెలియదు.

ప్రార్థన బాగా జరిగింది. ఇల్లు అద్దంలా ఉందని అందరూ మెచ్చుకున్నారు.

రెండుమూడు రోజులకు చేపలు పైకి తేలి నోళ్లు తెరవడం మొదలుపెట్టాయి. నీళ్లు మార్చినా ఆగలేదు. ఒక్కొక్కటే పోయాయి. మావారికి ఇంట్లో ప్రతి వస్తువు మీదా అనుమానమే. మేత డబ్బా వాసన చూశారు. పనిమనిషిని ఏం ఫినాయిల్ వాడావని అడిగారు. చివరికి అక్వేరియం పక్కన దోమల మందు ప్లగ్గు కనిపించింది.

"గిది ఎవరు పెట్టిన్రు?"

"నేనే అన్నా, దోమలు కుడుతున్నయని," అంది ప్రవీణ.

ఆయన ప్లగ్గు పీకి చేతిలో పట్టుకున్నారు. అప్పుడైనా నేను నోరు విప్పి ఉండొచ్చు. విప్పాను కూడా. "అక్కడ పెట్టొద్దని చెబుదామనుకుంటూనే ఉన్నానండి," అన్నాను. అంతకుముందు ఆ ప్లగ్గును నేను చూడనైనా లేదు. ఆ మాట ఎక్కడినుంచి వచ్చింది? ఇప్పటికీ అడుగుతుంటాను నన్ను నేను. భయం వల్లేనా, లేక ప్రవీణ ఉండే ఆ మూడో గది ఖాళీ అయితే బాగుండునని లోపలెక్కడో కోరుకుంటున్నానా? ఈ రెండో ప్రశ్న దగ్గరికి వచ్చినప్పుడల్లా లేచి ఏదో ఒక పని పెట్టుకుంటాను.

మర్నాడు వంటింట్లో ప్రవీణ నా పక్కకొచ్చి నిలబడింది.

"వదినా, నేనే చంపిన్నని నువ్వు గూడ అనుకుంటున్నవా?"

"ఊరుకోమ్మా. ఎవరు మాత్రం కావాలని చేస్తారు?"

క్షమించినట్టే మాట్లాడి, నేరమంతా ఆమె నెత్తిన పెట్టాను. ఆమె నా ముఖంలోకి కాసేపు చూసి వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నమే ఫిల్టర్ విప్పి స్పాంజిని చెత్తలో పారేశాను. దాన్ని చూస్తే బాధగా ఉందని ఆయనతో అన్నాను. నమ్మారు. నన్ను అనుమానించాలని ఆయనకు తట్టనే లేదు. నెల తిరక్కుండా ప్రవీణ ఆఫీసు దగ్గర హాస్టల్‌కు మారిపోయింది. అన్నాచెల్లెళ్లు మాట్లాడుకుంటారు, కానీ ముక్తసరిగా.

ఈమధ్య మావారు మళ్లీ చేపలు తెచ్చారు. మొన్న క్రిస్మస్‌కు ప్రవీణ వచ్చింది. "జర మేత వెయ్యరాదూ," అని ఆయన డబ్బా అందించారు.

"వద్దన్నా, నేను ముట్ట," అంది చేతులు వెనక్కి పెట్టుకుని. తర్వాత నావైపు తిరిగి మామూలుగానే అడిగింది, "ఈసారి స్పాంజి ఎవరు కడుగుతున్నరు వదినా?"

ఆయనే జవాబిచ్చారు, "నేనే. పాత నీళ్లల్లనే పిండుతా."

ప్రవీణ తలూపి కేకు ముక్క తీసుకుంది. అప్పటినుంచి నాకు మనశ్శాంతి లేదు. ఆ రోజు చూసిందా? చూస్తే అన్నకు ఎందుకు చెప్పలేదు? నా కాపురం గురించి ఆలోచించి ఊరుకుందా, లేక నేనే చెబుతానని ఇన్నేళ్లూ ఎదురుచూస్తోందా? ఆమె ఫోన్ చేస్తే ప్రతి మాటనూ అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాను. తప్పు చేసింది నేను, అనుమానించేది ఆమెను.

ఇది ఆయనకు చూపించే ధైర్యం వస్తుందో రాదో చెప్పలేను. ప్రవీణను క్షమించమని అడిగే ముఖం కూడా నాకు లేదు. ఈ ఒక్క వాక్యం నా చేత్తో రాసి చూసుకోవాలని ఇన్నాళ్లుగా ఉంది: ఆ స్పాంజి కడిగింది నేను.