అల్లా బచాయే సాబ్

మొన్న వానలో మా పేట ట్రుగనీనాలో రౌండబౌట్ దగ్గర మా అమ్మాయి బ్రేకు గట్టిగా తొక్కింది. పప్పు వెయ్యని వెట్ గ్రైండరు తిరిగినట్టు కారు కింద గరగరమని చప్పుడైంది. "డాడ్, సంథింగ్ బ్రోక్!" అంటూ కాలు తీసేసింది. డ్రైవింగు నేర్పుతూ పక్కసీట్లో కూర్చున్న నేను "అల్లా బచాయే సాబ్!" అని అరిచాను. వెంకన్న గుడికి తప్ప ఎక్కడికీ వెళ్లని నాన్న నోట ఆ మాట విని అమ్మాయి ఎలాగో కారు ఆపి, రోడ్డు మానేసి నన్నే చూసింది. అందుకని బషీర్ అంకుల్ గురించి చెప్పక తప్పదు.

నేను ఈ దేశానికి వచ్చింది కంప్యూటర్లకు వైటూకే గండం తప్పించడానికి. రెండువేల సంవత్సరం వచ్చింది. విమానాలు రాలలేదు, బ్యాంకులు మునగలేదు, నా ఉద్యోగం ఒక్కటే మునిగింది. ప్రపంచాన్ని నేనే కాపాడానని మా ఊళ్లో ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు, వాళ్ల నమ్మకం చెడగొట్టడం నాకిష్టం లేదు. గిరావీన్‌లో బావమరిది ఇంట్లో సోఫా మీద కొన్నాళ్లు పడుకున్నాక, దాని మీద వాళ్ల కుక్కకున్న హక్కు నాకు లేదని అర్థమైంది. కాన్‌బెర్రా అవతల, కొండల్లోని చిన్న ఊళ్లో స్కూలు బస్సు డ్రైవర్లు కావాలంటే లైసెన్సు సంపాదించి వెళ్లాను. అక్కడ కొత్తవాళ్లకు తర్ఫీదు ఇచ్చేది కడప బషీర్ అంకుల్. ఆయన సరేనంటేనే పిల్లల బస్సు చేతికిస్తారు. లేదంటే మళ్లీ కుక్కతో సోఫా కోసం పోటీ.

అంకుల్ మంకీ క్యాపు పెట్టుకుని, దాని మీద డిపో టోపీ పెట్టేవారు. తనంతటి డ్రైవరు ఈ ఖండంలో లేడని తానే చెప్పుకునేవారు, ఇంకొకరికి ఆ అవకాశం ఇవ్వకుండా. మొదటి రోజే నన్ను కొత్త బస్సు ఎక్కించారు.

"ఏబీఎస్ అంటే ఏంది చెప్పు అబ్బీ?"

"యాంటీ లాక్ బ్రేకింగ్ సిస్టం అంకుల్."

"అది పుస్తకంలో. రోడ్డు మీద అల్లా బచాయే సాబ్! దేవుడే కాపాడాల. మంచు మీద చక్రం బిగుసుకుంటే బండి జారతాది, ఇది బిగుసుకోనీదు. పాత లారీ మాదిరి తొక్కి, వదిలి, మళ్లా తొక్కాకు. ఒకటే తొక్కుడు! కాలు తియ్యాకు, స్టీరింగు తిప్పుకో. పెడలు కాలి కింద కప్ప మాదిరి ఎగురుతాది, భయపడాకు."

"నేను వెంకన్న భక్తుణ్ణి కదా అంకుల్!"

"అయితే అయ్యో బాలాజీ స్వామీ అనుకో. అచ్చరాలు సరిపోయినాయి కదా?"

జులైలో, ఇక్కడి చలికాలం ముదిరిన ఒక ఉదయం నా ఆఖరి పరీక్ష. ఖాళీ బస్సు, పక్కన అంకుల్. ఎండ చక్కగా కాస్తోంది కదా అని హుషారుగా పోనిస్తున్నాను. చెట్ల నీడలో మలుపు తిరిగేసరికి రోడ్డు నడిమధ్యన వాంబాట్. పంది ఒళ్లూ ఎలుగుబంటి మొహమూ ఉన్న ఇక్కడి జంతువది. ఆ రోజు పందిపిల్లంతే ఉంది, నేను చెబుతూ చెబుతూ ఉండగా ఇప్పుడు దున్నపోతంత అయింది. ప్రాణమంతా కాల్లోకి తెచ్చుకుని తొక్కాను. గరగరగర! కప్ప ఎగిరింది. బస్సు జారుతోంది.

"కాలు తియ్‌రా! బ్రేకు ఇరిగిపోతాంది!" అని కేక.

కేక వేసింది బషీర్ అంకుల్.

నేను కాలు తియ్యలేదు. స్టీరింగు తిప్పాను. బస్సు మాట విని వాంబాట్‌ను తప్పించుకుని, గడ్డిలోకి దిగి ఆగింది. వాంబాట్ మమ్మల్ని తీరిగ్గా చూసి, అవతలి పొదల్లోకి వెళ్లిపోయింది.

"అంకుల్, మీరు చెప్పిన అల్లా బచాయే సాబ్ ఇదే కదా?"

ఆయన రెండు టోపీలూ తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "ఇట్లుంటాదా అది?" అన్నారు మెల్లగా. "కంపెనీవాళ్లు చెప్పింది నీకు చెప్తి. నాకెప్పుడూ మోగలేదబ్బీ."

"ఒక్కసారి కూడానా?"

"నీడ కనపడితే నేను ముందే నిదానిస్తా. దానికి పనెక్కడ?"

నవ్వాపుకోలేకపోయాను. "సరే, మరి నేను పాసేనా?"

"ఫెయిలు!" పాత గొంతు తిరిగొచ్చింది. "ఎండ చూసి మోసపోతివి. మంచు నీడలోనే దాక్కోనుంటాది. అది మోగిందంటే తప్పు అప్పటికే చేసేసినట్టు. ఈ బస్సులో పిల్లోళ్లు కూర్చుంటారు. రేప్పొద్దున మళ్లా రా. నాకు చప్పుడు వినపడకూడదు."

మర్నాడు ఎంత నిదానంగా నడిపానంటే, ఆ వాంబాటే మమ్మల్ని దాటి వెళ్లిపోయింది. అంకుల్ కిటికీకి తలానించి నిద్రపోయారు, అదే ఆయన పాసుమార్కు. సోమవారం నుంచి పిల్లల బస్సు నాది.

అంకుల్ పోయి చాలా ఏళ్లయింది. రోడ్డు మీద చెట్టు నీడ పడితే చాలు, మండు వేసవిలో కూడా నా కాలు దానంతటదే యాక్సిలరేటరు మీంచి లేస్తుంది.

"బట్ డాడ్, ఐ స్టాప్డ్! పాసా?" అంది అమ్మాయి ఇదంతా విని.

"ఫెయిలు. రేపు మళ్లీ వద్దాం," అన్నాను. "నాకు చప్పుడు వినపడకూడదు."